నూటికి నూరులో లేని పిల్ల

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడే తుమ్మన్‌దొడ్డి హైస్కూలు గేటుకు ఫ్లెక్సీ కట్టారు. వరుసగా మూడో ఏడు నూటికి నూరు శాతం. కింద నలభై మంది పిల్లల ఫొటోలు, తపాలా బిళ్లలంత. పైన చేతులు కట్టుకుని హెడ్మాస్టరు శివశంకర్ సారు, ఆయన పక్కన శాలువా కప్పుకున్న లెక్కల మేడం సుహాసిని. నలభై మంది రాశారు, నలభై మందీ గట్టెక్కారు. ఫ్లెక్సీ మీద అబద్ధం ఒక్కటి లేదు.

కాకపోతే నిరుడు జూన్‌లో ఆ తరగతి గదిలో కూర్చున్నది నలభై ముగ్గురు.

నూరు శాతం తెప్పించడానికి రెండు దారులున్నాయి. అందరికీ చదువు చెప్పడం ఒక దారి. అది కష్టం, పైగా నమ్మకం లేనిది. చదువు రాదనుకున్న వాళ్లను లెక్కలోంచే తీసేయడం రెండో దారి. దానికి ఒక కాగితం చాలు. అలా లెక్కలోంచి తీసేసిన ముగ్గురిలో ఇద్దరు అబ్బాయిలు చలికాలంలోనే బడి మానేసి పనుల్లో పడ్డారు. మూడో మనిషి కృప. ఆమె మాత్రం మార్చి దాకా రోజూ బడికి పోయింది, తన పేరు అక్కడ లేదని తెలియక.

కృపకు పదహారేళ్లు. తల్లి రూతమ్మ కూలికి పోతుంది. తండ్రి నాగేశ్ దసరా దాటగానే పూణెకు స్లాబు పనికి పోయి, తొలకరికి తిరిగి వస్తాడు. చర్చి వెనక కాలనీలో రెండు గదుల ఇల్లు. ఆ కాలనీలో ఇప్పటిదాకా పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. పది పాసైతే గురుకుల కాలేజీలో సీటు, హాస్టలు, ఆ తర్వాత నర్సు చదువు. కృప మనసులో ఉన్నది ఇంతే. పాస్ కాకపోతే ఏమిటో కూడా ఆమెకు తెలుసు. వెంకటన్న పత్తి చేను.

గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి చేలలో పని తీరే వేరు. సాయంత్రం ఆడసాళ్ల మొగ్గలను విప్పి, లోపలి పుప్పొడి తిత్తులను గోటితో గిల్లి పారేయాలి. మర్నాడు పొద్దున మగసాళ్ల పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్ని క్రాసింగు అంటారు. వేళ్లు సన్నగా ఉంటే మొగ్గ చెడదని ఆడపిల్లలనే పిలుస్తారు. ఆగస్టులో మొదలైతే అక్టోబరు దాకా ఒక్క రోజు తప్పడానికి లేదు, పువ్వు ఎవరి కోసమూ ఆగదు. ఎండాకాలంలోనే ఇంటింటికీ వచ్చి మాట తీసుకుంటారు. మాట తప్పిన ఇంటిని మరుసటి ఏడు ఏ పనికీ పిలవరు. రూతమ్మ మాట ఇచ్చింది. అందుకే పదో తరగతిలో కూడా కృప మూడు నెలలు చేనులోనే ఉంది.

లెక్కల పుస్తకాన్ని కవరులో చుట్టి టిఫిన్ డబ్బాతో పాటు తీసుకుపోయేది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు తెరిస్తే వెంకటన్న గట్టు మీది నుంచే కేకేసేవాడు.

“ఏందే కలెక్టరమ్మా! ముందుగాల మొగ్గ గిల్లు. లెక్కలు తర్వాత గిల్లుదువు గని.”

“గిల్లినంక మీకే చెప్త లే పెద్దనాయన, ఎకరానికి ఎన్ని మొగ్గలో.”

ఆడవాళ్లు నవ్వేవారు. వెంకటన్న కూడా నవ్వేవాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. కాని ఒక్క రోజు సెలవు అడిగితే ఆ నవ్వు ఉండేది కాదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం సుహాసిని మేడం స్కూటీ వేసుకుని చేనుకే వచ్చింది. ఆ ఏడు ఒక్కో టీచరు అయిదుగురు వెనకబడ్డ పిల్లల్ని దత్తత తీసుకోవాలని ఆర్డరు. మేడం తీసుకున్న అయిదుగురిలో కృప ఒకతి. చెప్పులు చేతపట్టుకుని, బురదలో చీర తడుస్తున్నా సాళ్ల మధ్యకు నడిచి వచ్చింది.

“వెంకటన్నా, ఈ పిల్ల నా పిల్ల. నాకు పంపియ్యి,” అంది.

“మీ పిల్ల అయితే మీ ఇంట్ల ఉండాలె గద మేడం, నా చేన్ల ఎందుకుంది?” అన్నాడు వెంకటన్న.

అయినా మేడం వదల్లేదు. అరగంట వాదించి, వారంలో రెండు పూటలు కృప బడికి వచ్చేలా ఒప్పించి పోయింది. స్కూటీ స్టార్ట్ చేస్తూ కృప చేతిని తీసుకుని వేళ్లు చూసింది. గోళ్ల కింద పసరు నల్లగా గడ్డకట్టి ఉంది. మర్నాడు ఒక చిన్న వాజిలిన్ డబ్బీ పంపింది. ఆ రోజు నుంచి కృపకు మేడం మాట బైబిలు మాటతో సమానం.

అక్టోబరు చివర పరీక్షలో లెక్కల్లో ఎనభైకి పదకొండు వచ్చాయి. కృప మరుగుదొడ్ల వెనక నిలబడి ఏడుస్తుంటే మేడమే వచ్చి పట్టుకుంది.

“ఎందుకే ఏడుస్తున్నవ్? పదకొండు అంటే సున్నా కాదు గదా. మూడు నెలలు చేన్ల ఉండి పదకొండు తెచ్చినవ్. బళ్లె ఉంటే ఎంత తెస్తవో ఆలోచన చెయ్యి.”

కృప ఆలోచించింది. ఆ ఆలోచన మీదే చలికాలమంతా నడిచింది.

నవంబరు మొదట్లో మేడం కృపను స్టాఫ్ రూముకు పిలిచి మడత పెట్టిన కాగితం ఒకటి ఇచ్చింది. వేలిముద్రల ఇంకు డబ్బీ కూడా ఇచ్చింది.

“నీకు హాజరు తక్కువ పడ్డది గదా, దాని కాగితం. నీ సంతకం పెట్టు, అమ్మతోని వేలిముద్ర పెట్టించుక రా,” అంది. చెప్పేటప్పుడు కృప ముఖం కేసి చూడలేదు. ముందరున్న పేపర్ల కట్ట సర్దుతూ చెప్పింది. కృపకు అది తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు కాదు.

ఇంటికి వచ్చేసరికి రూతమ్మ పొయ్యి ముందు ఉంది. కాగితాన్ని దీపం కేసి ఎత్తి చూసింది. అక్షరాలు రాకపోయినా ఏ భాషో పోల్చుకోగలదు.

“గిది ఇంగ్లీషుల ఉన్నదేందే? జర సదివి చెప్పు, ఏముందో.”

“హాజరు కాగితమే అమ్మా. మేడం చెప్పింది.”

“చెప్పింది సరే. సదువు అంటున్న.”

“మేడం ఇచ్చిన కాగితాన్ని మళ్ల సదివి చూస్తరానే? అనుమానపడ్డట్టు ఉండదా? ఆమె ఏమనుకుంటది?”

రూతమ్మకు ఆ మాట సబబుగానే తోచింది. మన కోసం బురదలో నడిచి వచ్చిన మనిషి ఇచ్చిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూడటం మర్యాద కాదు. పెద్ద చదువులు చదివిన ఇళ్లలో పెళ్లి కార్డును కూడా రెండుసార్లు చదువుతారు. ఈ కాలనీలో మాత్రం మంచి చేసిన మనిషి చేతి కాగితం చదవడమంటే ఆ మంచిని శంకించడమే. కృప సంతకం పెట్టింది. రూతమ్మ బొటనవేలు తుడుచుకుని ఇంకులో ముంచి, కాగితం మీద గట్టిగా అద్దింది. సరిగ్గా పడిందో లేదోనని మరోసారి కూడా అద్దింది.

ఆ నెల నుంచే బడిలో పరీక్షల కాలం మొదలైంది. పొద్దున ఎనిమిదికి స్పెషల్ క్లాసు, సాయంత్రం ఆరు దాకా మళ్లీ క్లాసు. గోడ మీద చార్టు కట్టారు. ‘ఏ’ గ్రూపు ఆకుపచ్చ, ‘బి’ గ్రూపు పసుపు, ‘సి’ గ్రూపు ఎరుపు. సి వాళ్లు తలుపు పక్కన కూర్చోవాలి. వారం వారం స్లిప్ టెస్టు, వారం వారం చార్టులో పేర్లు కిందికీ మీదికీ. కృప పక్కన కూర్చునే శిల్ప ‘ఏ’ గ్రూపు పిల్ల. అయినా ప్రతి సోమవారం టెస్టుకు ముందు బోరింగు దగ్గర వాంతి చేసుకుని వచ్చేది.

“నీకేందే, నువ్వు ఆకుపచ్చ గదా,” అనేది కృప, వీపు రాస్తూ.

“ఆకుపచ్చకెల్లి పసుపుకు పడితె మా నాయన అన్నం తినడే. ఎరుపుల ఉన్నోళ్లకు పడేతందుకు జాగ లేదు, మీకే నయం.”

ప్రార్థనలో శివశంకర్ సారు రోజూ ఒకే మాట చెప్పేవాడు. “నాకు నూరు కావాలె. తొంభై తొమ్మిదిన్నర వద్దు. ఒక్కరు తప్పితే అందరి మొఖం మీద మట్టి కొట్టినట్టే. ఆ ఒక్కరు ఎవరో జర మీరే ఆలోచించుకోండి.” అనేటప్పుడు ఆయన చూపు తలుపు పక్క వరుస మీద ఆగేది. పదిహేనేళ్ల పిల్లలు. కొందరికి జుట్టు ఊడింది. కొందరు నిద్రలో సూత్రాలు కలవరించారు. కృపకు నెలసరి రెండు నెలలు రాలేదు. రూతమ్మ భయపడి దవాఖానకు తీసుకుపోతే, డాక్టరమ్మ ‘పరీక్షలా?’ అని మాత్రమే అడిగి బలానికి మందు రాసింది.

పొద్దున అయిదింటికి రూతమ్మ ఫోను మోగేది. సుహాసిని మేడం. “లేచినవా? ముఖం కడుక్కో. ఇయ్యాల శ్రేఢులు. నాలుగు లెక్కలు చేసి పట్టుక రా.” ఒక్క రోజు తప్పలేదు. క్రిస్మసు పొద్దున కూడా మోగింది. “హ్యాపీ క్రిస్మస్ తల్లీ. కేకు తిన్నంక ఒక్క త్రికోణమితి లెక్క,” అంది మేడం. పక్కన కప్పుకుని పడుకున్న రూతమ్మ నవ్వి, “ఆమె కడుపున పుట్టాల్సినదానివే నువ్వు,” అంది.

డిసెంబరులోనే ఇంకొకటి జరిగింది. బడిలో హాజరు ఫోనుతో వేస్తారు. పిల్ల ఫోను ముందు నిలబడితే అది ముఖం గుర్తుపట్టి పేరు చూపిస్తుంది. ఒక పొద్దున ఫోను కృపను గుర్తుపట్టలేదు. మర్నాడూ అంతే. తరగతి పగలబడి నవ్వింది.

“క్రాసింగు ఎండకు నల్లగైనవే, ఫోను పరేషాన్ అయితుంది!”

“పౌడర్ పెట్టుక రా పోయే!”

కృప కూడా నవ్వి, మూడో రోజు నిజంగానే పౌడరు రాసుకుని వచ్చింది. సుహాసిని మేడం ఫోను పక్కన పెట్టేసింది. “నెట్‌వర్క్ లేదు. నువ్వు కూర్చో, నీది నేను రాసుకుంట,” అంది. ఆ తర్వాత కృపను ఫోను ముందు నిలబెట్టలేదు.

మార్కులు మాత్రం పెరుగుతూ పోయాయి. పదకొండు, పంతొమ్మిది, ముప్పై నాలుగు. ఫిబ్రవరి చివర నలభై ఆరు. పాస్ కావడానికి ఇరవై ఎనిమిది చాలు. చార్టులో కృప పేరు ఎరుపు దాటి పసుపులోకి వచ్చిన రోజు, సాయంత్రం క్లాసులో ఇచ్చే పల్లీపట్టీని తినకుండా ఇంటికి తెచ్చి తల్లికి ఇచ్చింది.

మార్చి మొదటి వారంలో హాల్ టికెట్లు వచ్చాయి. శివశంకర్ సారు పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరే పోయి తీసుకున్నారు. నలభై పేర్లు అయిపోయాయి. సారు కట్ట మడిచి లేచాడు.

“సార్, నాది?” అంది కృప.

ఆయనకు ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. అందుకే తయారుగానే ఉన్నాడు. “నీది ఈడ కాదమ్మ. నువ్వు నవంబర్‌లనే టీసీ తీస్కున్నవ్ గదా. నిన్ను ఓపెన్ స్కూల్ల రాపిస్తం లే. అదీ పదే, ఇదీ పదే. సర్టిఫికెట్ మీద ఏం తేడా ఉండదు.”

“నేను టీసీ ఎప్పుడు తీస్కున్న సార్?”

“కాగితం రాసిచ్చినవ్ గదా. మీ అమ్మ కూడ వేలిముద్ర పెట్టింది.”

కృప సుహాసిని మేడం వైపు తిరిగింది. మేడం గోడ దగ్గరి అల్మారా తాళం తీస్తోంది. తీస్తూనే ఉంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. శిల్ప తన హాల్ టికెట్‌ను పుస్తకంలో దాచేసుకుంది, దొంగ సొమ్ము దాచినట్టు.

మర్నాడు తల్లీ కూతుళ్లు గద్వాలలో విద్యాశాఖ ఆఫీసుకు పోయారు. రూతమ్మ చర్చికి కట్టే చీర కట్టుకుంది. మధ్యాహ్నం దాకా కూర్చున్నాక అధికారి పిలిచాడు. బడి నుంచి తెప్పించిన కాగితాన్ని ఫోనులో తెరిచి చూపించాడు.

“ఇదేనా సంతకం?”

“నాదే సార్.”

“ఇందుల ఏమున్నదో తెలుసా? ‘మా నాయన పని కోసం కుటుంబమంతా పూణెకు పోతున్నం, అందుకని టీసీ ఇప్పించండి’ అని ఉంది.”

రూతమ్మ ముందుకు వచ్చింది. “పూణె నా మొగుడు పోతడు సారూ. పోయినోడు దసరా దాటంగనే పోయిండు. నేను పెబ్బేరు అంగడి దాటి ఏ ఊరూ చూడలే. మేము పోతే ఈ పిల్ల రోజు బళ్లె ఎట్ల కూసుంటది? ఈమె తిన్న అన్నమే అడుగుండ్రి సారూ, రోజు ఆడనే తిన్నది.”

అధికారి కంప్యూటర్‌లో జాబితా తెరిచాడు. మంచి మనిషే. చెప్పాల్సింది నిజమే చెప్పాడు. నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే వాళ్ల జాబితా, ఎప్పుడో పోయింది. ఇప్పుడు పేరు చేర్చడం కుదరదు. ఓపెన్ స్కూలు సంగతి కూడా కంప్యూటర్‌లో చూశాడు. అక్కడా కృప పేరు లేదు. చేరే గడువు ఎన్నడో దాటింది. ‘రాపిస్తం’ అన్నది ఉత్త మాట.

“ఫిర్యాదు రాసి ఇయ్యమ్మ. విచారణ చేస్తం. కాని కాగితం మీద మీ సంతకముంది. మోసం చేసి పెట్టిచ్చుకున్నరని బడిల ఉన్నోళ్లు ఎవరన్న ఒక్కరు చెప్పాలె.”

“మేడం చెప్తది,” అంది కృప. అప్పటికి కూడా.

ఇంటికి వచ్చాక రెండు రోజులు రూతమ్మ బొటనవేలిని కొంగుతో రుద్దుకుంటూనే ఉంది. “నా వేలే గద బిడ్డ నీ గొంతు కోసింది,” అంది. కృప ఆ వేలినే చూస్తూ కూర్చుంది. వేలు తల్లిది. చదవొద్దన్నది తాను. పొద్దున అయిదింటికి ఫోను మోగడం ఆగిపోయింది. అయినా ఆమెకు అయిదింటికే మెలకువ వచ్చేది. లేచి ఏం చేయాలో తోచక చీకట్లో కూర్చునేది.

పరీక్షలు మొదలయ్యాయి. లెక్కల పరీక్ష రోజు మధ్యాహ్నం శిల్ప సెంటరు నుంచి నేరుగా కృప ఇంటికి వచ్చి ప్రశ్నపత్రం చేతిలో పెట్టింది.

“నాకు చెప్పకు, ఎట్లుందో,” అంది కృప. “నేను చూడలే ఇంక.”

మర్నాడు తొమ్మిదిన్నరకు చర్చి వరండాలో గోడ గడియారం కింద చాప వేసుకుని కూర్చుంది. కొత్త తెల్ల కాగితాలు, స్కేలు, రెండు పెన్నులు. ప్రశ్నపత్రం అప్పుడే తెరిచింది. రూతమ్మ కూలి మాని మెట్ల మీద కాపలా కూర్చుంది. మేకలు వస్తే అదిలించింది. ఎవరో కిరాణాకు పోతూ “ఏందక్కా, పిల్ల ఈడ కూసుంది?” అంటే, “ఊకోవమ్మా, పరీక్ష నడుస్తుంది,” అని పెదవుల మీద వేలు పెట్టింది. పన్నెండున్నరకు కృప పెన్ను పెట్టేసింది. అప్పటికీ ఒక లెక్క మిగిలింది. అయినా రాయలేదు. టైము అయిపోయింది.

ఆదివారం ప్రార్థనకు పోకుండా గద్వాలలో వనపర్తి బస్సెక్కింది. శిల్ప కూడా వెంట వచ్చింది. ఎల్లుండి సైన్సు పరీక్ష ఉండగా రావద్దంటే వినలేదు. “బస్సుల సదువుకుంట తియ్,” అంది. బీచుపల్లి వంతెన మీద కృష్ణలో నీళ్లు సన్నగా, రాళ్లు బయటపడి ఉన్నాయి. బస్సులో వాళ్లు ఒడ్డున ఉన్న హనుమంతుడి గుడి కేసి చేతులు జోడించారు. శిల్ప జోడించింది. కృప కిటికీలోంచి చూసింది.

సుహాసిని మేడం ఇల్లు వనపర్తిలో కొత్త కాలనీలో. శిల్ప గేటు బయటే ఆగింది, మేడం కంటపడితే ఇంటర్నల్ మార్కులు ఏమవుతాయోనని. కృప బెల్లు కొట్టింది. తలుపు తీసిన మేడం ఒక్క అడుగు వెనక్కి వేసింది. లోపల చిన్నపిల్లాడు కార్టూన్లు చూస్తున్నాడు. పాలు పొంగిన వాసన.

“కృపా... రా, కూర్చో. అన్నం తిన్నవా?”

“దిద్దండి మేడం,” అంది కృప, కట్ట చాపి. “మొన్నటి పేపరే. టైము పెట్టుకొని రాసిన. చూసి రాయలే.”

మేడం ఆ కాగితాలను అందుకుంది. ఇరవై ఏళ్ల అలవాటు. ఎర్ర పెన్ను ఎక్కడుందో చేతికే తెలుసు. మొదటి పేజీలో ఒక్కో లైనునూ రెండేసిసార్లు చదివింది. రెండో పేజీకి పనిలో పడిపోయింది. గోపురం ఎత్తు కనుక్కునే లెక్క దగ్గర ఆగి, “మీటర్లు రాయలే చూడు,” అని అర మార్కు కోసింది. కోసిన తర్వాత తానేం చేస్తోందో తెలిసి వచ్చినట్టు తల ఎత్తింది. కృప నిలబడే ఉంది. మేడం మళ్లీ తల దించుకుని చివరి దాకా దిద్దింది. కూడింది. ఇంకోసారి కూడింది.

“యాభై రెండు.”

లోపల కార్టూన్ బొమ్మలు అరుస్తున్నాయి.

“మేడం, ఒక్క మాట అడుగుత. నా పేరు లేదని మీకు నవంబర్‌లనే తెలుసు. మరి పొద్దుగాల అయిదింటికి ఎందుకు లేపిన్రు?”

మేడం ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. చెప్పినప్పుడు మాత్రం ఏదీ దాచలేదు. మూడేళ్ల కింద లెక్కల్లో ఒక పిల్లాడు తప్పితే మీటింగులో అందరి ముందర నిలబెట్టారు. మెమో ఇచ్చారు. మొన్న నవంబరులో సారు ముగ్గురి పేర్లు రాసుకొచ్చి, ‘పదకొండు మార్కుల పిల్లను పాస్ చేయిస్తనని రాసిస్తవా’ అని అడిగాడు. రాసివ్వడానికి ధైర్యం చాలలేదు.

“మొదట్ల నీకు అనుమానం రావొద్దని ఫోను చేసిన. ఆఖరుకు నువ్వు నిజంగనే చదువుతుంటే, ఆపనీకి మనసు రాలే. జనవరిల సారును అడిగిన, పేరు మళ్ల ఎక్కియ్యమని. అయిపోయిందన్నడు.”

“నాకు చెప్పలే.”

“చెప్పలే.”

“జనవరిల చెప్తే మా అమ్మ ఆఫీసు మెట్ల మీద పండుకునేది మేడం. ఏదో ఒకటి అయ్యేది.”

మేడం కళ్లు తుడుచుకుంది. “జూన్ల ఓపెన్ల నేనే చేర్పిస్త. పుస్తకాలు నేనే తెస్త. వచ్చే ఏడు నువ్వు...”

“ఆఫీసోళ్లు అడిగితే చెప్తరా? కాగితం మీరే ఇచ్చిన్రని, హాజరు కాగితమని చెప్పి పెట్టిచ్చుకున్నరని?”

మేడం లోపలికి చూసింది. టీవీ ముందరి పిల్లాడి కేసి, ఇల్లు కేసి, గోడ మీది ఉత్తమ ఉపాధ్యాయురాలి ఫొటో కేసి. ఆ చూపు ఎక్కడికి పోయి ఆగుతుందో కృప ఓపికగా కనిపెట్టి చూసింది.

“నౌకరి పోతది కృపా,” అంది మేడం, చాలా మెల్లగా.

కృప బల్ల మీది కాగితాలు తీసుకుని సర్దుకుంది. మేడం ఆపలేదు. గుమ్మం దాకా వచ్చి, “వచ్చే ఏడు ఫారం నేను రాపిస్త,” అంది మళ్లీ.

“వద్దు మేడం. నా పేరు ఇగ మీరు రాయకండి.”

గేటు బయట శిల్ప సైన్సు పుస్తకం ఛాతీకి హత్తుకుని నిలబడి ఉంది. “ఏమన్నదే? చెప్తనన్నదా ఆఫీసుల?”

“యాభై రెండు వచ్చినయి అన్నది.”

ఇద్దరూ బస్టాండు దాకా ఎండలో నడిచారు. తిరుగు బస్సులో జనం. ఒకే సీటులో ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. పెబ్బేరు దాటినాక కృప చెయ్యి చాపింది.

“పుస్తకం ఇటియ్యి. అడుగుత.”

“వద్దులేవే ఇయ్యాల.”

“ఎల్లుండి పరీక్ష ఉంది గదా. ఇయ్యి.” కృప పేజీలు తిప్పి ఒక చోట వేలు పెట్టింది. “ఓమ్ నియమం చెప్పు.”

శిల్ప మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. “మర్చిన. నువ్వు చెప్పరాదు.”

“నేను చెప్తే ఏమొస్తది? రాసేది నువ్వు. మొదటికెల్లి చెప్పు.”

శిల్ప కళ్లు మూసుకుని మొదటి నుంచి చెప్పసాగింది. ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు అనే ముక్క వదిలేసింది. కృప ఆ పదాల మీద వేలితో కొట్టి, మళ్లీ చెప్పమంది.